నా ముందు పీల్చి చూపించు

మా ఆస్పత్రిలో నన్ను ఎదురుగా ‘మేడం గారూ’ అనీ, వెనకాల ‘అనుమానం మేడం’ అనీ పిలిచేవాళ్ళు. మందుల గది కిటికీ చిన్నదే గానీ నా చెవులు చిన్నవి కావు. రెండూ వినపడేవి. నాకేం కోపం వచ్చేది కాదు. ఫార్మసిస్టు ఉద్యోగంలో రోజూ ఎదురయ్యే అబద్ధం ఒకటుంది. ‘ఎలా వాడాలో తెలుసా?’ అని మనం అడుగుతాం. ‘తెలుసండీ’ అని అవతలివాళ్ళు అంటారు. అది అబద్ధమని చెప్పేవాళ్ళకీ తెలియదు, వినేవాళ్ళకీ తెలియదు. నేను మాత్రం చేరిన కొత్తలోనే ఆ మాటని నమ్మడం మానేశాను.

ఇప్పుడు మీలాంటి కుర్ర ఫార్మసిస్టులు కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా మందులిచ్చేస్తున్నారు. సంతోషం. మీకు పాఠాలు చెబుదామని కాదు, రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, పొద్దుపోక చెబుతున్నాననుకోండి. ఒక మనిషి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ఎక్కడో ఒక సర్కారు ఆస్పత్రి అనుకోండి. ఎటు చూసినా మామిడి తోటలే కాబట్టి ఏ ఊరనుకున్నా పెద్ద తేడా రాదు.

కరోనా భయం ఇంకా పూర్తిగా పోని రోజులు అవి. లైన్లో ఎవరైనా దగ్గితే ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ ఎడంగా జరిగి అదోలా చూసేవాళ్ళు. అలాంటి లైన్లో ఒకాయన దగ్గు ఆపుకోవడానికి నానా అవస్థా పడుతూ నా కిటికీ దాకా వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన మొహం, మెడలో తువ్వాలు. పక్కనే భార్య, మొగుడి మందుల చీటీని తన చేతిలో గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆయన ఊపిరి తీస్తుంటే ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు కిటికీ ఇవతల ఉన్న నాకే వినిపిస్తున్నాయి. ఉబ్బసం. డాక్టరు గారు రెండు ఇన్‌హేలర్లు రాశారు. ఒకటి రోజూ పొద్దునా సాయంత్రం పీల్చేది, లోపలి గొట్టాల వాపు తగ్గడానికి. రెండోది ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రమే వాడేది.

“ఎలా పీల్చాలో చూపించారా?” అని అడిగాను.

“సిస్టరమ్మ చూపించిందండీ,” అంది భార్య.

“నిన్నడగట్లేదమ్మా, ఆయన్ని అడుగుతున్నా.”

“తెలుసండీ. బానే చెప్పారండీ,” అన్నాడాయన.

నా అలవాటు ప్రకారం ‘ఏదీ, నా ముందు పీల్చు’ అనబోయాను. వెనక లైన్లో గొడవ మొదలైంది. పైగా నేర్పింది మా సిస్టరు. ఆవిడ నేర్పితే నేను మళ్ళీ పరీక్ష పెట్టానని తెలిసిందంటే ఆ రోజు మధ్యాహ్నం కూరలు పంచుకోవడం ఉండదు. సిస్టరు ఆ ఆస్పత్రికి నాకంటే ముందొచ్చింది. మేమిద్దరం ప్రతి విషయానికీ పోట్లాడుకునేవాళ్ళం, ఒకే బల్ల మీద కూర్చుని తినేవాళ్ళం. సరేలే అని మందులిచ్చి పంపాను.

ఆయన ఏం పని చేస్తాడో మీకు చెప్పాలి. మామిడి తోటల్లో మందు కొట్టే ముఠాకి మేస్త్రి ఆయన. మామిడి పూతకి తేనెమంచు పురుగు పట్టిందంటే పూతంతా మాడి రాలిపోతుంది. అందుకని పూత కాలంలో ట్రాక్టరు మీద పెద్ద ట్యాంకు, పొడుగాటి పైపు, ఆ పైపు చివర గన్ను పెట్టుకుని తోట తోటా తిరుగుతారు. కొమ్మల పైదాకా మందు తడవాలంటే ఆ గన్ను అందరి చేతుల్లోనూ మాట వినదు. మా వైపు ఆసాములు ఈయన కోసం ముందే చెప్పి పెట్టుకునేవాళ్ళు. ‘ఉబ్బసం ఉన్న మనిషివి, ఆ పని మానెయ్యి’ అని ఏ డాక్టరు చెప్పినా ‘ఈ పూత అయిపోనివ్వండి’ అనేవాడట. పూత ఏటా వస్తుంది, ఆ మాట కూడా ఏటా వస్తుంది.

నెల తిరగకుండానే ఆయన మళ్ళీ వచ్చాడు. ఇన్‌హేలర్లు రెండూ ఖాళీ. పిల్లికూతలు మాత్రం అలాగే ఉన్నాయి.

నాకు వెంటనే అనుమానం పుట్టింది. అప్పుడే అయిపోవడం ఏమిటి? ఇంట్లో ఇంకెవరికైనా పంచుతున్నాడా? ముఠాలో దగ్గే ప్రతివాడికీ తలా ఒక పీల్పు ఇస్తున్నాడా? లేక ఒక పక్క చుట్ట కాలుస్తూ, ఇంకో పక్క ఇది పీలుస్తున్నాడా? కిటికీలోంచి కాస్త ముందుకి వంగి వాసన కూడా చూశాను. తోట మందు వాసన తప్ప చుట్ట వాసన రాలేదు. ఈసారి ఇచ్చిన డబ్బాల అడుగున గోరుతో చిన్న గీత గీసి, “ఖాళీ డబ్బా తెస్తేనే కొత్తది,” అని చెప్పాను. భార్య నావంక ఎగాదిగా చూసింది.

“ఏంటండీ, మేం దొంగలమా?” అంది.

“నేనా మాట అన్లేదమ్మా.”

“అనక్కర్లేదు లెండి, మీ చూపే చెబుతుంది.”

ఖాళీ డబ్బాలు తిరిగొచ్చాయి. నా గీతలు నా గీతలే. మనిషి మాత్రం ఇంకా చిక్కిపోయాడు. రెండు అడుగులు వేసి గోడ పట్టుకుంటున్నాడు. డాక్టరు గారు మందు మోతాదు పెంచారు, మాత్రలు కలిపారు. అప్పటికి ఆ డాక్టరు గారు కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడే, నాలాగా అందరినీ అనుమానించే రకం కాదు. ఒక రోజు రోగులందరూ వెళ్ళాక నా గదిలోకి వచ్చి కూర్చుని, “మేడం, ఇంత మందు ఇస్తున్నా ఆ మేస్త్రికి పని చెయ్యట్లేదేంటి? ఈసారి గట్టిగా వచ్చిందంటే ఆస్పత్రి దాకా రాలేడు. దారిలోనే పోతాడు,” అన్నాడు. అప్పటిదాకా నేను డబ్బాల సంగతే ఆలోచిస్తున్నాను.

ఆ రోజు నుంచి నా అనుమానాలకి అంతు లేకుండా పోయింది. మందునే అనుమానించాను. వచ్చిన పెట్టెల్లో ఏదన్నా లోపం ఉందేమోనని చూశాను. అవే ఇన్‌హేలర్లు వాడుతున్న మా అటెండరు మామగారు చిలకలా తిరుగుతున్నాడు. ఈయన ట్రాక్టరు టూల్‌బాక్సులో ఎండకి పెడుతున్నాడేమో అనుకున్నాను. లేదు, ఆయన వెంటే తోటలకి వచ్చే భార్య చెంగులో కట్టుకుని తిరుగుతుందట. చివరికి సిస్టరునే అడిగాను.

“నువ్వు ఆయనకి సరిగ్గా చూపించావా?”

“అయ్యో రామా, ఊపమన్నా, ఊపిరంతా వదిలెయ్యమన్నా, పెదాలు బిగించి నొక్కుతూ పీల్చమన్నా, పీల్చాక ఊపిరి బిగపట్టమన్నా. ఇంకేం చూపించాలి? నీ అనుమానం తగలెయ్య, ఇక నా మీద పడ్డావా?”

“ఆయన చేసి చూపించాడా?”

“తలూపాడు.”

“తల ఊపితే ఊపిరాడుద్దా?”

ఆ రోజు మధ్యాహ్నం ఎవరి కూర వాళ్ళే తిన్నాం.

ఇంతలో అవతలివైపు అనుమానం ఎంత ముదిరిందో నాకు తెలియలేదు. ఊళ్ళో మేస్త్రి భార్య చెబుతున్న మాట నా చెవిన పడింది. సర్కారు ఆస్పత్రిలో మందులమ్మ మంచి డబ్బాలు దాచేసి, వాళ్ళకి ఉత్త గాలి డబ్బాలు ఇస్తోందట. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక మాత్ర ఇంటికి తీసుకెళ్ళని మనిషిని నేను. అయినా, తర్వాత ఆలోచిస్తే ఆవిడ లెక్కలో తప్పేముంది? డబ్బా నొక్కితే ‘స్స్’ అంటోంది. మొగుడికి ఊపిరాడట్లేదు. అది గాలి కాక మరేంటి?

ఆ ఆదివారం నేనొక పని చేశాను. ముసునూరు వైపు మా ఆడపడుచు వాళ్ళకి తోట ఉంది. ఆ రోజు ఆ తోటలో ఈ మేస్త్రి ముఠాయే మందు కొడుతోందని తెలిసి, పూత చూసొస్తానని వంక పెట్టి వెళ్ళాను. పూత కాలం నాకూ పడదు, తుమ్ములతో ముక్కు ఊడిపోతుంది. అయినా వెళ్ళి, దూరంగా పంపుసెట్టు గది పక్కన నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూస్తున్నాను.

“వదినా, పూత చూడ్డానికొచ్చావా, పోలీసు డ్యూటీకొచ్చావా?” అంది మా ఆడపడుచు.

“నువ్వుండు.”

ఆయన గన్ను పట్టుకుని గాలికి వీపు పెట్టి నిలబడ్డాడు. మందు తెల్లటి మంచులాగా కొమ్మల్లోకి లేస్తోంది. మధ్యలో గాలి తిరిగి ఆ మంచంతా మనుషుల మీదకి వచ్చింది. ఆయన ఒక్కసారి ఎడం చెయ్యి పైకెత్తాడు. అంతే, పైపు లాగేవాళ్ళు, ట్యాంకు దగ్గరున్నవాళ్ళు, అందరూ నీళ్ళల్లో మునిగినవాళ్ళలాగా బుగ్గలు బిగించి ఆగిపోయారు. మంచు దాటిపోయాక ఆయన చెయ్యి దించితే అప్పుడు ఊపిరి తీసుకున్నారు. చూడ్డానికి ముచ్చటేసింది. తర్వాత టీలప్పుడు ఆయన చేతులు కడుక్కుని పక్కకి వెళ్ళి, భార్య చెంగులోంచి తీసి ఇచ్చిన ఇన్‌హేలరు ఊపి, నోట్లో పెట్టుకుని నొక్కుకున్నాడు. చుట్ట కాల్చలేదు. ఎవరికీ పంచలేదు. నిజం చెప్పాలంటే నాకు నిరాశ కలిగింది. పట్టుకోవడానికి దొంగ లేడు, మనిషి మాత్రం చచ్చిపోతున్నాడు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

తర్వాతి వారంలోనే వచ్చిందా రోజు. పొద్దున్న ఓపీ ఇంకా సగం కూడా అవలేదు. తోట ఆసామి ఒకాయన తన కారులో మేస్త్రిని వేసుకుని గేటు లోపలికి వచ్చేశాడు. పెదాలు నల్లబడిపోయి ఉన్నాయి. మాట లేదు. భుజాలు రెండూ పైకీ కిందకీ ఎగరడమే తప్ప లోపలికి గాలి వెళ్ళడం లేదు. డాక్టరు గారు, సిస్టరు కలిసి ఆక్సిజన్ పెట్టారు, నెబులైజరు పెట్టారు, ఇంజెక్షన్ చేశారు. నేను మందులు అందిస్తూ నిలబడ్డాను. ఎంతకీ ఆ భుజాలు దిగవే!

ఎప్పటికో దిగాయి. ఊపిరి మెల్లగా కుదుటపడింది. మధ్యాహ్నానికి మంచం మీద లేచి కూర్చుని, అడిగి మరీ టీ తాగాడు. ‘విజయవాడ పెద్దాస్పత్రికి పంపిస్తాను’ అని డాక్టరు గారు చీటీ రాయడం మొదలుపెట్టారు. అప్పుడు భార్య నా కిటికీ దగ్గరికి వచ్చి, చెంగు విప్పి, రెండు ఇన్‌హేలర్లూ బల్ల మీదకి విసిరింది.

“ఇయ్యిగో, నీ గాలి డబ్బాలు నువ్వే ఉంచుకో! నా మనిషిని చంపుకుతినేదాకా నిద్రపట్టదా నీకు?”

లైనంతా నోరు వెళ్ళబెట్టి చూస్తోంది. నాకు నోటిదాకా వచ్చిన మాటలు చాలానే ఉన్నాయి. ఆ డబ్బాలు రెండూ తీసుకుని, కిటికీ మూసి, వార్డులోకి నడిచాను. ఆవిడ నా వెనకే వచ్చింది.

“ఏమయ్యా మేస్త్రీ, ఇప్పుడు పీల్చే టైమైంది. ఏదీ, నా ముందు పీల్చి చూపించు,” అన్నాను.

“తెలుసమ్మా నాకు,” అన్నాడు నీరసంగా.

“తెలిస్తే మరీ మంచిది. పీల్చు.”

డాక్టరు గారు చీటీ ఆపి చూస్తున్నారు. సిస్టరు మూతి బిగించుకుని నిలబడింది. ఆయన డబ్బా తీసుకుని ఊపాడు. ఊపిరంతా వదిలాడు. పెదాలు చక్కగా బిగించాడు. నొక్కాడు. ‘స్స్’ మంది. ఊపిరి బిగపట్టి, కాసేపటికి వదిలాడు.

“చూశావా? అంతా నేను చెప్పినట్టే చేశాడు,” అంది సిస్టరు.

డాక్టరు గారు కూడా బాగానే ఉందన్నట్టు తలూపారు. నాకు మాత్రం ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది. నొక్కిన వెంటనే ఆయన పెదాల మూలనుంచి సన్నగా తెల్లటి పొగలాంటిది బయటికి వచ్చినట్టు కనపడింది. లోపలికి పోవలసింది బయటికెందుకొచ్చింది?

“ఇంకోసారి. అమ్మా, నువ్వు నీ చెయ్యి ఆయన వీపు మీద పెట్టు,” అన్నాను భార్యతో.

“ఎందుకంట?”

“పెట్టమ్మా, నీ మొగుడే కదా.”

పెట్టింది. ఆయన మళ్ళీ ఊపాడు, వదిలాడు, బిగించాడు, నొక్కాడు.

ఆవిడ మొహం మారిపోయింది. “ఇదేంటండీ, వీపు కదల్లేదు? నొక్కంగానే రాయిలాగా ఆగిపోయింది!”

మేస్త్రి బుగ్గలు బిగించి ఉన్నాయి. సరిగ్గా ఆ ఆదివారం తోటలో చూసిన మొహమే. ఆ క్షణంలో నాకు అంతా అర్థమైపోయింది.

“ఏమయ్యా, ఆ చప్పుడు రాగానే ఊపిరి ఆపేస్తున్నావు కదూ?”

“ఆపకపోతే ఎట్టాగమ్మా?” అన్నాడాయన, నేనేదో పిచ్చి ప్రశ్న అడిగినట్టు. “గన్ను ‘స్స్’ మందంటే ఊపిరి ఆపాల. పాతికేళ్ళ బట్టీ ముఠాలో అందరికీ నేనే నేర్పాను. ఆపనోళ్ళు తోటలోనే పడిపోయారు. నేను ఆపబట్టే ఇంకా ఉన్నాను.”

“ఇది గన్ను కాదయ్యా!”

“తెలుసండీ. కానీ చప్పుడు అదే కదా. ఆగిపోద్ది. సిస్టరమ్మ గూడా ఊపిరి బిగపట్టమందిగా, మనకి అలవాటే గదా అనుకున్నా.”

ఆయన ప్రాణం కాపాడిన అలవాటే ఆయన ప్రాణం తీస్తోంది. ఆయాసం తగ్గక మళ్ళీ మళ్ళీ నొక్కుకుని, నెలల తరబడి ఖాళీ చేసిన మందంతా ఆయన నాలుక మీద పడి, ఉమ్ముతో పాటు కడుపులోకి పోయింది. ఊపిరితిత్తులు మాత్రం ఎదురు చూస్తూ కూర్చున్నాయి. సిస్టరు నావంక చూసి, “నేను చూశాను గానీ వీపు చూళ్ళేదే,” అంది మెల్లగా. మొదటి రోజు ఆయన వీపు మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

‘ఆపకు, పీల్చు’ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వల్ల కాలేదు. పాపం, ప్రయత్నించాడు. ‘స్స్’ అనగానే బుగ్గలు వాటంతటవే బిగుసుకుపోతున్నాయి. చివరికి ఉపాయం డాక్టరు గారికి తట్టింది. మందు నేరుగా నోట్లోకి కొట్టకుండా, ముందు ఒక డబ్బాలో పట్టి తర్వాత నింపాదిగా పీల్చుకునే గొట్టం ఒకటి ఉంటుంది. మా దగ్గర అప్పటికి అది లేదు. ఆయన తన బల్ల మీదున్న నీళ్ళ సీసా తీసి ఖాళీ చేశారు. సిస్టరు ఇనప ఊచ కాల్చి తెచ్చింది. సీసా అడుగున ఇన్‌హేలరు మూతి పట్టేంత కన్నం పెట్టి, చుట్టూ టేపు వేశాం. కన్నం పెద్దదైందని నేను, సరిపోయిందని సిస్టరు, అప్పుడు కూడా పోట్లాడుకున్నాం.

భార్య ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇన్నాళ్ళూ గాలిచ్చారు, ఇప్పుడు నీళ్ళ సీసానా? ముందు మీరు పీల్చండి చూద్దాం.”

“నాకెందుకమ్మా, నాకేం రోగం?”

“అయితే మాకూ వద్దు.”

గత్యంతరం లేక ఇంకో సీసా తెప్పించి, మందు లేని ఖాళీ డబ్బాతో నేను వార్డు మధ్యలో నిలబడి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చి చూపించాను. పక్క మంచాల మీదున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా నోటివంకే చూస్తూ ఉంది. తర్వాత సీసా మొగుడికిచ్చి, అడక్కుండానే చెయ్యి ఆయన వీపు మీద పెట్టింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. సీసా అవతల సిస్టరు నొక్కింది. చప్పుడు దూరంగా, సీసా అడుగునే ఆగిపోయింది. ఒక్క క్షణం బుగ్గలు బిగుసుకున్నాయి. మళ్ళీ వదులయ్యాయి.

“కదిలిందండీ,” అంది భార్య. “వీపు కదిలింది.” ఆ మాట చెప్పి, చెయ్యి తియ్యకుండానే ఏడ్చేసింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిస్టరు చూడకముందే తుడుచుకున్నాను. అయినా చూసింది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని నేను నమ్మలేదు. ఇంటికెళ్ళి సీసా పారేస్తారని నా అనుమానం. వచ్చినప్పుడల్లా ‘పీల్చి చూపించు’ అనేదాన్ని. ఆయన విసుక్కునేవాడు, పీల్చేవాడు. భార్య చెయ్యి వీపు మీద ఉండేది. విజయవాడ చీటీ డాక్టరు గారి సొరుగులోనే ఉండిపోయింది. కాయ కోతల నాటికి పిల్లికూతలు పోయాయి. గన్ను మాత్రం ఆయన అంత తేలిగ్గా వదల్లేదు. ఆవిడే లాక్కుని ముఠాలో ఇంకొకరి చేతికిచ్చిందట. ఇప్పుడు గాలికి ఎగువన, మంచు రాని చోట నిలబడి చెయ్యెత్తడం, దించడం వరకే ఆయన పని. నాకు వాళ్ళు ధన్యవాదాలేమీ చెప్పలేదు. ‘గాలి డబ్బాలు’ అన్న మాట కూడా ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

మీకు చెప్పేదేమిటంటే, కాగితం మీద బొమ్మలు చూపించి ‘అర్థమైందా’ అని అడిగి ఊరుకోకండి. మీ ఎదురుగా ఉన్న మనిషి రోజంతా ఏం పని చేసి వచ్చాడో, ఆ పని ఆ ఒంటికి ఏం నేర్పిందో మీకు తెలియదు. చేయించి చూడండి. అనుమానం మనుషులని మిమ్మల్ని అంటారు. అననివ్వండి, ఏం కాదు.

నేను రిటైరయ్యాక మొన్న పూత కాలంలో నాకు దగ్గు పట్టుకుంది. తుమ్ములతో పోతుందనుకున్నది పోలేదు. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అదే ఆస్పత్రికి వెళ్ళాను. నా కిటికీలో ఇప్పుడు కొత్తమ్మాయి ఉంది. నన్ను గుర్తుపట్టి, లేచి నిలబడి, ఇన్‌హేలరు ఇచ్చి, “మీకు నేను చెప్పేదేముంది మేడం,” అని నవ్వింది.

“తెలుసులేమ్మా,” అన్నాను నేను కూడా నవ్వి, సంచిలో వేసుకోబోయాను.

వెనక లైన్లోంచి ఒక చెయ్యి వచ్చి నా వీపు మీద గట్టిగా ఆనింది. తిరిగి చూస్తే మేస్త్రి భార్య.

“తెలిస్తే మరీ మంచిది లెండి,” అంది. “ఏదీ, నా ముందు పీల్చండి.”